వెంట్రుకవాసి మేళం

బొబ్బిలిలో వీణ చెక్కడం తెలిసినవాళ్ళు వెతికితే బాగానే దొరుకుతారు. మేళం కట్టడం తెలిసినవాళ్ళు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే. ఆ కొద్దిమందీ ఆ విద్యని ఇనప్పెట్టెలో నగల్లా దాచుకుంటారు. పనసదుంగ తొలిచి కుండ తియ్యడం, దానికి మెడలా దండి చెక్కడం, చివర సింహం లాంటి యాళి తలకి కోరలు పెట్టడం, ఇవన్నీ ఎవరికైనా నేర్పుతారు. ఆఖర్న దండి మీద నల్లమైనం పరిచి, అది మెత్తగా ఉండగానే ఇత్తడి మెట్లు ఒక్కొక్కటీ స్వరం వింటూ నాటాలి చూడండి, అదీ మేళం. అది కుదిరితే వీణ, లేకపోతే నగిషీ చెక్కిన పనసచెక్క. ఆ పని వచ్చేసరికి పెద్దమేస్త్రి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటాడు. పనివాడు జుట్టు నెరిసేదాకా ఉన్నా తలుపు ఇవతలే ఉండాలి.

ఈశ్వర్‌ని ఆ తలుపు ఇవతల నిలబెట్టినవాడు జగన్నాధం మేస్త్రి. ఇన్నేళ్ళయినా ఆ పేరు వింటే ఈశ్వర్‌కి ఒళ్ళు మండుతుంది. మండదూ మరి?

ఈశ్వర్‌ది సముద్రం ఒడ్డు ఊరు. తండ్రి వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. తల్లి మరిడమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని బొబ్బిలి సంతకి వచ్చేది. "ఈడ్ని మాత్తరం నీళ్ళలోకి పంపనుగాక పంపను" అని ఒట్టేసుకుని, తన దగ్గర చేపలు కొనే జగన్నాధం కాళ్ళావేళ్ళా పడి కొడుకుని ఆయన కార్ఖానాలో పెట్టింది. మీసాలు మొలిచే వయసులో చేరినవాడు పెళ్ళీడు వచ్చేదాకా అక్కడే ఉన్నాడు. దుంగలు కోశాడు, కుండలు తొలిచాడు, యాళి కళ్ళు అతను చెక్కితే నిజంగానే చూస్తున్నట్టుండేవి. మేళం అడిగితే మాత్రం జగన్నాధం "సూద్దాంలేరా" అనేవాడు. ఏళ్ళ తరబడి అదే మాట.

ఓ మధ్యాహ్నం మేస్త్రి భోజనానికి వెళ్ళినప్పుడు ఈశ్వర్ ఉండబట్టలేక గదిలోకి దూరి, మైనం పరిచి ఉన్న వీణకి మెట్లు నాటేశాడు. తలుపు సందులోంచి వచ్చే శబ్దాన్ని అన్నేళ్ళు విన్న చెవి అది, ఊరికే పోతుందా! మేస్త్రి తిరిగొస్తూ వెంట లక్ష్మీనరసింహం గారిని తీసుకొచ్చాడు. ఆయన పేరున్న విద్వాంసుడు, ఆ వీణ ఆయనదే. ఆయన కూర్చుని సారణి అనే మొదటి తీగ మీద మెట్టు మెట్టూ మీటుకుంటూ పోయి, "దివ్యంగా కుదిరింది జగన్నాధం" అన్నారు.

"అది నాను కట్టేనండీ" అన్నాడు ఈశ్వర్ పొంగిపోయి. పిచ్చి సన్నాసి!

జగన్నాధం మొహం నల్లబడింది. ఇనప కమ్మీ కాల్చి, కుదిరిన మేళాన్ని కుదిరినట్టే పెల్లగించి కింద పడేశాడు. "సేపలు తోమిన సేతుల్తో మేళమేట్రా నీకు? ఈ కంపు ఎప్పుడు వదల్తాది? పో, ఎల్లి మీ అమ్మ గంప మొయ్యి" అన్నాడు. విద్వాంసుడు గారు కండువా సర్దుకున్నారు. అప్పుడే గుమ్మంలో గంప దింపుతున్న మరిడమ్మ ఆ మాట విన్నది. దింపిన గంపని మళ్ళీ నెత్తికెత్తుకుని, "రా అయ్యా, పోదాం" అంది. బతికున్నన్నాళ్ళూ ఆమె ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆమె ఎత్తలేదు కాబట్టే ఈశ్వర్ మర్చిపోలేదు.

తర్వాత అతను విజయనగరం పోయాడు. వీణపాఠాలు చెప్పే చూడామణి గారింట్లో పాడైన వీణలు బాగుచేస్తూ, ఆవిడ పాఠాలు వింటూ చెవికి సానపట్టుకున్నాడు. మేళం కట్టడంలో అతనికి ఎదురులేదని నలుగురూ అనుకునే రోజొచ్చింది. అప్పుడో స్వచ్ఛంద సంస్థవాళ్ళు వచ్చారు. రాష్ట్రం రెండు ముక్కలైన కొత్తలో ఎక్కడ చూసినా ఇదే గోల, యువతకి శిక్షణ, చేతిపని, ఉపాధి అని. చదువు మధ్యలో ఆపేసిన పిల్లలకి వీణపని నేర్పాలి, ఎక్కడ కావాలంటే అక్కడ కేంద్రం పెడతాం అన్నారు.

"బొబ్బిలిలోనే పెట్టండి" అన్నాడు ఈశ్వర్. జగన్నాధం కార్ఖానా ఉన్న వీధికి వెనక వీధిలో పాత బియ్యంమిల్లు షెడ్డు చూపించాడు. చేరీచేరగానే చేసిన మొదటి పని, లోపలి గదికున్న తలుపు ఊడదీయించడం.

ఆ పగ చూడండి ఎంత ముచ్చటైన పగో! వాళ్ళు దాచుకున్నది తను వీధిలో పంచిపెడతాడు. పిల్లలకి ముందు మేళం, తర్వాతే చెక్కపని. రాజాం నుంచి బస్సులో వచ్చే తులసి ఇంటర్ తప్పిన పిల్ల, యుగంధర్ వెల్డింగు షాపులో పనిచేసి వచ్చినవాడు. ఇంకొంతమంది ఉన్నారు. ఎవర్నీ బెంచీల మీద కూర్చోబెట్టి బోర్డు మీద రాసింది లేదు. మొదటి రోజే అసలు వీణ చేతికిచ్చి, "మెట్లు పీకండి" అన్నాడు. పాడుచేస్తే మళ్ళీ కట్టించాడు. వాళ్ళని వెంటబెట్టుకుని సంగీతం టీచర్ల ఇళ్ళకి తీసుకెళ్ళి, విసుక్కునే పెద్దవాళ్ళ ముందు కూర్చుని వీణ జబ్బేమిటో వాళ్ళచేతే చెప్పించాడు. ఈమధ్య బాగుకొచ్చే వీణల్లో జగన్నాధం కార్ఖానావి కూడా ఉంటున్నాయి. కిక్కిరిసిన బస్సులో వీణకి దెబ్బ తగలకుండా ఎలా పట్టుకోవాలో కూడా నేర్పాడు. "మైనం మీద మెట్టు కదపండి, వినండి, మళ్ళీ కదపండి. మీ సెవే మీకు మేస్త్రి. నాను సెప్పినా సరే, మీ సెవి కాదంటే కాదనండి" అనేవాడు. పిల్లలు ప్రాణం పెట్టి నేర్చుకున్నారు. తులసికైతే చెవి ఎంత పదునెక్కిందంటే, పక్కవాడి వీణలో తేడా ఉంటే పళ్ళు జివ్వుమన్నట్టు మొహం పెట్టేది.

అంతా బాగానే ఉంది. అప్పుడు విశాలి వచ్చింది.

"నేను జగన్నాధం మేస్త్రి గారి అమ్మాయినండి. నాకు మేళం నేర్పండి మేస్టారూ" అంది గుమ్మంలో నిలబడి.

ఈశ్వర్ చేతిలోని ఆకురాయి పక్కన పెట్టాడు. "మీ ఇంట్లోనే ఉన్నాది కదమ్మా ఆ ఇద్య. మీ నాన్న నేర్పడా?"

ఆ పిల్ల తల దించుకుంది. "ఆయన దగ్గర అవ్వదండి" అంది.

అవ్వదట! కన్నకూతురిక్కూడా తలుపు ఇవతలేనన్నమాట, ఛీ ఏం మనిషి అనుకున్నాడు ఈశ్వర్. అలా అనుకుని జాలిపడి ఉంటే మన కథ ఇక్కడే అయిపోయేది. ఆ పిల్ల మొహం మాత్రం అచ్చుగుద్దినట్టు తండ్రి మొహం. ఆ ముక్కు, ఆ గడ్డం చూస్తుంటే గుమ్మంలో గంప ఎత్తుకుంటున్న తల్లి కళ్ళముందు మెదిలింది. అక్కడికక్కడే అతనికి ఆలోచన తట్టింది. శిక్షణ ముగిసే రోజున పిల్లలందరూ జనం ముందు కూర్చుని మేళం కడతారు. ఆ సభకి పరీక్ష చెయ్యడానికి జగన్నాధాన్నే పిలవాలి. కూతురు తప్పు మేళం కట్టాలి. ఊరందరి ముందూ ఆ తండ్రి తన చెవితో తనే విని, తన నోటితో తనే తప్పని చెప్పాలి. వీణలో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒప్పుకోని మనిషి కదా, చెప్పకుండా ఎలా ఉంటాడు?

"నేర్పుతానమ్మా" అన్నాడు. "నువ్వు మేస్త్రి బిడ్డవి. ఈళ్ళందరితో పాటు కాదు, నీకు ఏరేగా సెప్తాను. సాయంత్రం అందరూ ఎల్లేక రా."

ఊడదీసిన తలుపు ఆ వారమే మళ్ళీ బిగించాడు.

విశాలికి చెవి ఉంది. అదొక్కటే అడ్డు. చెవి లేనిదాన్ని మోసం చెయ్యడం తేలిక, ఉన్నదాన్ని మోసం చెయ్యాలంటే దాని చెవిని దానిచేతే కాదనిపించాలి. అందుకని ఈశ్వర్ ఒక గుట్టు అల్లాడు. "సూడమ్మా, మైనం ఎచ్చగా ఉన్నప్పుడు స్వరం సరిగ్గా పలికే సోట మెట్టు పెట్టీకూడదు. సల్లారితే మైనం బిగుసుకుని మెట్టుని ముందుకి లాగుతాది. అందుకని మెజ్జిమం కాడినించి పైవన్నీ ఎంట్రుకవాసి ఎనక్కి పెట్టాల. ఎచ్చగా ఉన్నప్పుడు తప్పు పలికితేనే, సల్లారేక ఒప్పు పలుకుతాది."

"మరి తులసీవాళ్ళు అలా పెట్టడం లేదు కదండీ?"

"ఆళ్ళకి పైపైన సెప్పేనమ్మా. అసలు గుట్టు అందరికీ సెప్తారేటి? నువ్వూ ఎవులికీ సెప్పకు."

వేరే ఇంటి పిల్లయితే అక్కడే నవ్వేది. మైనమేమిటి, మెట్టుని లాగడమేమిటి! విశాలి పుట్టింది గుట్ల మధ్య. అందరికీ చెప్పేది అసలు విద్య కాదని, చెవిలో చెప్పేదే విద్య అని ఊహ తెలిసిన దగ్గర్నుంచీ వింటూ పెరిగింది. తలుపేసి చెప్పారంటే నిజమే చెప్పుంటారని నమ్మింది. ఎవరికీ చెప్పకుండా దాచుకుంది కూడా.

సాయంత్రం ఆ పిల్ల మెట్లు వెనక్కి నాటి ఇంటికి వెళ్ళేది. వెళ్ళగానే ఈశ్వర్ కమ్మీ కాల్చి, మైనం మెత్తబరిచి, మెట్లన్నీ ముందుకి జరిపి స్వరం సరిచేసేవాడు. పొద్దున్న ఆమె వచ్చి మీటితే మేళం శుద్ధంగా పలికేది. "అబ్బ, నిజమే మేస్టారూ!" అని పిల్ల కళ్ళు పెద్దవి చేసుకునేది. ఆ ఆశ్చర్యం చూస్తుంటే ఈశ్వర్ కడుపులో చల్లగా ఉండేది. తప్పుపని అని తెలియదా అంటే, తెలుసు. తెలిసే చేశాడు. అన్నేళ్ళూ ఏ పనిలోనూ రానంత సుఖం వచ్చింది ఆ పనిలో.

"మేస్టారూ, ఆ తలుపెందుకండీ?" అని తులసి ఓసారి అడిగింది.

"నీ పని నువ్వు సూసుకోవే" అని కసిరాడు. అంతకుముందు ఎప్పుడూ ఆ పిల్లని కసరలేదు.

ప్రదర్శన రోజు ఫంక్షన్ హాలు నిండిపోయింది. వేదిక మీద సంస్థ పెద్దలు, విద్వాంసుడు లక్ష్మీనరసింహం గారు, వాళ్ళ మధ్య తెల్ల ధోవతి కట్టుకుని జగన్నాధం. ముసలాడు బాగా వంగిపోయాడు. పిలవగానే వస్తాడని ఈశ్వర్ అనుకోలేదు, కూతురి కోసం వచ్చినట్టున్నాడు. ఆయన మెడలో శాలువా వేసి కూర్చోబెట్టారు.

పొద్దున్నే పిల్లలందరూ చాపల మీద వరసగా కూర్చుని, అందరూ చూస్తుండగా మైనం పరిచి మెట్లు నాటారు. చల్లారేదాకా ఉపన్యాసాలు నడిచాయి. ఆ తర్వాత లక్ష్మీనరసింహం గారు ఒక్కొక్క వీణ దగ్గరా కూర్చుని మీటడం మొదలుపెట్టారు. తులసి వీణ పలికితే హాల్లో ఆహా అన్నారు. యుగంధర్‌ది ఇంకా బాగుంది. విశాలి వంతు వచ్చింది. ఈశ్వర్ వేదిక పక్కకి జరిగి, జగన్నాధం మొహం స్పష్టంగా కనబడే చోట నిలబడ్డాడు.

విద్వాంసుడు గారు సారణి మీద మీటుకుంటూ మధ్యమం దగ్గరకి వచ్చారు. వేలు ఆగిపోయింది. మళ్ళీ మీటారు. అక్కడినుంచి పైకి ప్రతి మెట్టూ స్వరం తగ్గి పలుకుతోంది. చాప మీద తులసి ఒళ్ళు జలదరించినట్టు భుజాలు ముడుచుకుంది. సంగీతం తెలిసినవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. విశాలి మొహంలో రక్తం లేదు. అందరూ తీర్పు చెప్పాల్సిన జగన్నాధం వైపు తిరిగారు.

జగన్నాధం చిరునవ్వుతో తల ఊపుతున్నాడు!

"శభాష్!" అన్నాడు హాలు దద్దరిల్లేలా. "కుదిరిందమ్మా, బెమ్మాండంగా కుదిరింది."

విశాలి నెమ్మదిగా లేచి తండ్రికి ఎదురుగా వెళ్ళి, నోరు బాగా తెరిచి ఒక్కొక్క మాటే పలుకుతూ, "బాగుందా నాన్నగారూ?" అంది. ముసలాడు కూతురి పెదాలకేసి చూసి, "ఓ" అని తల ఊపాడు. లక్ష్మీనరసింహం గారు తల దించుకుని, "బాగుంది, బాగుంది" అని గొణిగారు.

అప్పుడర్థమైంది ఈశ్వర్‌కి. ముసలాడికి చెవులు పోయాయి. ఈమధ్య ఆయన కార్ఖానా వీణలు మేళం చెడి తన దగ్గరకి ఎందుకొస్తున్నాయో, ఆయన దగ్గర అవ్వదని ఆ పిల్ల ఎందుకందో ఒక్కసారి తెలిసింది. తెలిస్తే ఏం చెయ్యాలి? నోరు మూసుకోవాలి. మనిషన్నవాడు ఎవడైనా అదే చేస్తాడు. ఈశ్వర్‌కి మాత్రం నోటిదాకా వచ్చిన ముద్ద ఎవరో లాక్కున్నట్టు పిచ్చికోపం వచ్చింది. అన్నాళ్ళు పడ్డ పాటు ఈ చెవిటాడి చిరునవ్వు కోసమా! వెళ్ళి మైకు లాక్కున్నాడు.

"ఆ వీణ తప్పు" అన్నాడు. "మెజ్జిమం కాడినించి అన్నీ తప్పే. ఈ హాల్లో అందరికీ తెలిసింది, ఒక్క జగన్నాధం మేస్త్రికి తెల్లేదు. ఎలా తెలుస్తాది? ఆయనకి సెవుడు! సేపల కంపని నా సేతుల్ని ఎలేసిన మేస్త్రికి, మా అమ్మ ముందు నన్ను కుక్కలా తోలీసిన మేస్త్రికి సెవుడు! వింతన్నారా అందరూ?"

జగన్నాధం అతని వైపే చూస్తున్నాడు. మైకు అడ్డుగా ఉండి పెదాలు కనబడటం లేదు. తన కూతురి గురించి ఏదో మంచిమాట చెబుతున్నాడనుకున్నాడేమో, నవ్వుతూ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. హాలంతటికీ ఆ రెండు చేతుల చప్పుడొక్కటే.

చప్పట్లు ఆపి, కర్ర పట్టుకుని లేచి వచ్చాడు. తన మెడలోని శాలువా తీసి ఈశ్వర్ భుజాల మీద కప్పాడు. "ఒరే ఈశ్వరూ, ఆ ఏళ నాను నీకు అన్నాయం సేసినాను. ఆ మేళం నిండా బాగున్నాది, అందుకే ఓర్సుకోలేకపోయినాను. నువ్వు అదేటీ మనసులో ఎట్టుకోకండా నా కూతురికి ఇద్య ఎట్టినావు" అన్నాడు, తన గొంతు తనకే వినబడని వాళ్ళు అరిచినట్టు. ఈశ్వర్ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. లాక్కోబోయినా వదల్లేదు.

విశాలి తండ్రి వెనక నిలబడింది. ఏడవలేదు. ఆ పిల్ల కళ్ళలోకి చూడలేకపోయాడు ఈశ్వర్.

"మైనం సల్లారితే మెట్టుని ముందుకి లాగుతాదన్నారు మేస్టారూ" అంది. "ఎంట్రుకవాసి ఎనక్కి పెట్టమన్నారు. ఎవరికీ సెప్పొద్దన్నారు. అలాగే పెట్టాను. ఇవాళ ముందుకి రాలేదు."

"మైనం లాగడమేటి?" అంది తులసి లేచి నిలబడుతూ. "మైనం ఎక్కడైనా..." అని ఆగిపోయింది. ఈశ్వర్ మొహంకేసి చూసింది. సాయంత్రాలు వేసుకున్న తలుపు ఆ పిల్లకి గుర్తొచ్చినట్టుంది. ఆ చూపు పక్కనున్న యుగంధర్‌కి పాకింది, అతని నుంచి మిగతావాళ్ళకి. మేస్టారు చెబితే నిప్పుల్లో చెయ్యి పెట్టే పిల్లలు వాళ్ళు.

"ఏటంతన్నావమ్మా?" అన్నాడు జగన్నాధం కూతురి మొహం చూస్తూ.

విశాలి తండ్రి వైపు తిరిగి, పెదాలు స్పష్టంగా కదుపుతూ చెప్పింది. "మేస్టారు నాకు బాగా నేర్పారని చెబుతున్నాను నాన్నగారూ." ముసలాడు తృప్తిగా ఈశ్వర్ చేతులు ఇంకోసారి నొక్కి, వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

విశాలి తన వీణ దగ్గర కూర్చుంది. యుగంధర్ స్టవ్వు వెలిగించి కమ్మీ కాల్చాడు. తులసి వచ్చి ఆ పిల్ల పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, మధ్యమం మెట్టు మీద ఆమె వేలు పట్టుకుని పెట్టింది. "ఎనక్కీ లేదు, ముందుకీ లేదు. ఎక్కడ పలికితే అక్కడే. నీకు సెవి ఉన్నాది కదా, దాన్నే నమ్ము" అంది. అవి ఈశ్వర్ మాటలే. మొదటి రోజు తను చెప్పినవే.

ఈశ్వర్ శాలువాతోనే వాళ్ళ దగ్గరకి వెళ్ళాడు. "ఇలా తే అమ్మా, నాను సరిసేస్తాను" అని చెయ్యి చాపాడు.

తులసి తల ఎత్తింది. కోపంగా కూడా లేదు.

"మీరు కూకోండి మేస్టారూ. మేం సూపెడతాం."

అతను కూర్చోలేదు. అలాగే నిలబడ్డాడు. మిగతా పిల్లలు ఒక్కొక్కరే లేచి ఎవరి వీణ దగ్గరకి వాళ్ళు వెళ్ళారు. అందరూ ఆహా అన్న వీణలే అవి. తలలు వంచి చెవి తీగకి దగ్గరగా పెట్టి, మొదటి మెట్టు నుంచి మళ్ళీ మీటి చూసుకోవడం మొదలుపెట్టారు.